ప్లాను కాగితం మీది గీతలు

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. ఆ మాట పుట్టిన రోజుల్లో మునిసిపాలిటీ లేదు, ప్లాను లేదు, పర్మిషను లేదు. ఉండి ఉంటే ఆ సామెతకి మూడో ముక్క కూడా తగిలించేవారే! ఇల్లు కట్టుకున్న వాళ్ళనెవరినైనా కదిలించి చూడండి. సిమెంటు ధర గురించి ఒక మాట, మేస్త్రీ పెట్టిన తిప్పల గురించి రెండు మాటలు చెప్పి, పర్మిషను కోసం తిరిగిన తిరుగుడు గురించి మాత్రం గంటసేపు చెప్తారు. "మన స్థలం, మన డబ్బు, మనం ఉండబోయే ఇల్లు. మధ్యలో వీళ్ళెవరండీ?" అంటారు చివరికి.

ఆ విసుగు నాకూ తెలుసు. 1988లో మేము రెండు వందల గజాల స్థలంలో ఇల్లు కట్టుకున్నాం. స్థలం నా పేరు మీద రిజిస్ట్రేషను అయింది కనక ప్లాను కాగితం కింద సంతకం నాదే. పెట్టమన్న చోట పెట్టాను తప్ప, ఆ కాగితం మీది గీతలేమిటో, చుట్టూ రాసిన అంకెలేమిటో చూడలేదు. గోడలు లేచే సమయానికి మేస్త్రీ వచ్చి, "పడమటి గది మరీ ఇరుకైపోతోందమ్మా. ఇటు మూడడుగులు జరుపుకుందాం. అందరూ ఇంతే" అన్నాడు. మంచమూ బీరువా పట్టాలి కదా అని సరేనన్నాను. మా వారు కాదు సుమండీ, నేనే అన్నాను.

గోడ లేచింది, గది పెద్దదైంది. గృహప్రవేశానికి పక్కింటి పిన్నిగారు తెల్లవారు జామునే వచ్చి, పాలు పొంగించే దాకా నా వెంటే ఉండి సాయం చేశారు. ఆవిడ వంటింటి కిటికీ సరిగ్గా ఆ గోడకి ఎదురుగా ఉంది. అంతకుముందు అందులోంచి మా స్థలంలోని వేపచెట్టూ, దాని పైన కాస్త ఆకాశమూ కనపడేవి. ఇప్పుడు మా ఇటుకలు కనపడుతున్నాయి. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. కానీ ఆనాటి నుంచి ఆవిడ వంటింట్లో పగలు పదింటికి కూడా లైటు వెలుగుతూనే ఉండేది.

ఆ లైటు నన్ను చాలా ఏళ్ళు గుచ్చింది. నేను దాటేసిన ఆ గీతని అసలు ఎవరు గీశారు, ఎందుకు గీశారు అని తెలుసుకోవాలనిపించింది. తెలుసుకుంటూ పోతే, అదేదో ఆఫీసులో కూర్చున్న గుమాస్తా మన మీద కక్ష కొద్దీ గీసింది కాదని అర్థమైంది. ఆ కథ మీకూ చెప్తాను.

పక్కవాడికి కొంచెం జాగా వదలడమన్నది మనకేమీ కొత్త కాదు. పల్లెటూళ్ళలో పెంకుటిల్లు వేసేటప్పుడు చూరునీళ్ళు మన జాగాలోనే పడాలి, పక్కవాడి గోడ మొదట్లో పడకూడదన్నది కట్టుబాటు. అందుకని గోడకి అవతల మూరెడో బారెడో వదిలేవారు. వదలకపోతే తగువు రచ్చబండ దగ్గరికి వెళ్ళేది. ఇవాళ సెట్‌బ్యాక్ అని పెద్ద పేరు పెట్టి ప్లానులో చూపిస్తున్నది ఆ చూరునీళ్ళ జాగా లాంటిదే. అక్కడ తగువు వచ్చాక తీర్చేవారు, ఇక్కడ తగువు రాకముందే గీత గీస్తారు. అంతే తేడా.

ఇల్లు కూలాక శిక్ష వేసే చట్టాలు ప్రపంచంలో చాలా పాతవి. క్రీస్తుకు పూర్వం 18వ శతాబ్దంలో బాబిలోను రాజు హమ్మురాబి రాతి మీద చెక్కించిన శాసనంలో, కట్టినవాడి పనితనం చాలక ఇల్లు కూలి యజమాని చనిపోతే కట్టినవాడికి మరణశిక్ష అని ఉంది. యజమాని కొడుకు చనిపోతే కట్టినవాడి కొడుకుని చంపాలని కూడా ఉంది! ఎంత కఠినమైనా ఏం లాభం? పోయిన వాళ్ళు పోయినట్టే. ఇల్లు లేవకముందే కాగితం మీద చూసి, "ఇది ఇలా వద్దు" అని చెప్పే పద్ధతి రావడానికి ఇంకా ఎన్నో వందల ఏళ్ళు పట్టింది. వచ్చిన ప్రతిసారీ ఒక పెద్ద ఉపద్రవం తర్వాతే వచ్చింది.

వాటిలో పేరుపడ్డది లండను మంటలు. 1666 సెప్టెంబరు 2న ఒక రొట్టెల బట్టీ దగ్గర నిప్పంటుకుంది. ఆ రోజుల్లో లండను ఇళ్ళు చాలావరకు కర్ర ఇళ్ళు. పై అంతస్తుని వీధి మీదికి ముందుకి పొడిగించి కట్టుకునేవారు. ఎదురింటి వాళ్ళూ అలాగే కట్టుకోవడంతో, పైన రెండిళ్ళూ దాదాపు తాకుతూ ఉండేవి. నిప్పుకి వీధి దాటడం ఎంతసేపు? నాలుగు రోజుల్లో 13,000కు పైగా ఇళ్ళు, 87 చర్చీలు బూడిదయ్యాయి. మరుసటి ఏడు, 1667లో, పార్లమెంటు చట్టం చేసింది. ఇటుకతోనో రాతితోనో కట్టాలి. వీధి వెడల్పుని బట్టి ఇల్లు ఎన్ని అంతస్తులుండాలో నాలుగు తరగతులు. వీధి మీదికి పొడుచుకొచ్చే కర్ర కట్టడాలు వద్దు. ఇవన్నీ కొలిచి చూడడానికి సర్వేయర్లు. ఇవాళ మన ఊళ్ళో "రోడ్డు ఎన్నడుగులు?" అని అడిగి గానీ ఎన్ని అంతస్తులో చెప్పకపోవడానికి మూలం అక్కడుంది. మనం బాల్కనీ ఒక్క రెండడుగులు రోడ్డు మీదికి జరుపుదామా అనుకున్నప్పుడు, ఆ తాకిన కర్ర ఇళ్ళని ఒకసారి తలుచుకోవాలి.

మన దేశంలో ఈ కథ బొంబాయిలో ముదిరింది. బొంబాయి మునిసిపల్ కార్పొరేషను చట్టం 1888లో వచ్చింది. కట్టబోయే వాడు కమీషనరుకి ముందుగా నోటీసు ఇవ్వాలి అంది ఆ చట్టం. గమనించారా? మనం ఆఫీసుకి ఇచ్చే నోటీసన్నమాట! నోటీసు అందిన 30 రోజుల్లోగా కమీషనరు కాదని చెప్పకపోతే, నియమాల ప్రకారం పని మొదలుపెట్టుకోవచ్చు. ఇందులోనే ఒక తమాషా కూడా ఉంది. కమీషనరు అభ్యంతరాలు చెప్పి, ఈ షరతులు తీరిస్తే కట్టుకో అని ఇచ్చే కాగితానికి చట్టంలో ఉన్న మాట "అసమ్మతి తెలియజేయడం". అందుకే బొంబాయిలో తరతరాలుగా ఇల్లు కట్టే వాళ్ళు "మాకు అసమ్మతి పత్రం వచ్చింది" అని మిఠాయిలు పంచుకున్నారు. ఆ పత్రం చేతికొస్తే పర్మిషను వచ్చినట్టే మరి!

చట్టం ఉన్నా, మిల్లుల్లో పనికోసం వచ్చిన వేలాది మంది చీకటి చాళ్ళలో, గదికి పదేసి మంది చొప్పున కిక్కిరిసి ఉండేవారు. 1896 సెప్టెంబరులో రేవు పక్కన మాండ్వీలో ప్లేగు కనపడింది. ఊరు ఊరంతా ఖాళీ అయ్యే పరిస్థితి వచ్చింది. చీకటీ, తేమా, గాలి ఆడకపోవడమే ప్లేగుకి కారణమని ఆనాటి పెద్దల నమ్మకం. 1898లో బొంబాయి సిటీ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పెట్టి పాత చాళ్ళు పడగొట్టారు, కొత్త వీధులు వేశారు. పడగొట్టిన వాటిల్లోంచి లేచిపోయిన బీదవాళ్ళందరికీ కొత్త గదులు దొరకలేదన్నది కూడా చరిత్రే. నియమం మంచిదైనా, దాని బరువు ముందు బీదవాడి నెత్తిన పడుతుంది. దీన్ని మనం మరిచిపోకూడదు.

ప్లేగు ఎలుకల మీది గోమార్ల వల్ల వస్తుందని సైన్సు తర్వాత తేల్చింది. అంటే ఆనాటి కారణం సగం తప్పే. కానీ చీకటి గదిలో క్షయ ముదురుతుందన్నది మాత్రం నిజం. క్షయ అన్నది గదిలో ఎక్కువసేపు గడిపే వాళ్ళని ముందు పట్టుకుంటుంది. గదిలో ఎక్కువసేపు గడిపేది ఎవరో నేను వేరే చెప్పాలా?

ఆ ట్రస్టు వాళ్ళే ఒక చక్కటి లెక్క ప్రచారంలోకి తెచ్చారు. కిటికీ అడుగు నుంచి ఎదుటి గోడ తలకట్టుకి ఒక గీత గీస్తే, అది నేలతో 63½ డిగ్రీలకి మించకూడదు. డిగ్రీలంటే మనకి భయం గానీ, దీని అర్థం మహా సులువు. ఎదుటి గోడ కిటికీకి ఎంత దూరాన ఉందో, దానికి రెండింతల ఎత్తుకి మించి లేవకూడదు. పదడుగుల సందైతే ఇరవై అడుగుల గోడ. అయిదడుగుల సందైతే పదడుగుల గోడ. అప్పుడే వంటింటి నేల మీద నిలబడ్డ మనిషికి కాస్త ఆకాశం కనపడుతుంది. ఈ లెక్క చదివిన రోజున నేను టేపు పట్టుకుని వెళ్ళి మా సందు కొలిచాను. రెండు గోడల మధ్య నాలుగడుగులు. మా గోడ ఇరవై రెండడుగులు. ఇక చెప్పేదేముంది!

ఆ లెక్క అక్కడ ఉంచి, మన వైపు వద్దాం. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీ పొంగింది. ఒడ్డునంతా కిక్కిరిసిన మట్టిగోడల ఇళ్ళు. దాదాపు 15,000 మంది పోయారనీ, 19,000 ఇళ్ళు కూలాయనీ చెప్తారు. అఫ్జల్‌గంజ్‌లో, ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది బతికారు. మనుషులు కట్టిన ఇళ్ళు నిలవలేదు, చెట్టు నిలిచింది! 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. ఆయన సూచనల మీద పై ఎత్తున ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ చెరువులు కట్టడం మీకు తెలిసిందే. అవి 1920లో, 1927లో పూర్తయ్యాయి. నదికి చోటు వదలాలి, ఒడ్డున మనుషులు కాదు, తోటలుండాలి అని కూడా ఆయన చెప్పారు. ఇంటికీ ఇంటికీ మధ్య సందు ఎలాగో, ఊరికీ నదికీ మధ్య ఆ ఒడ్డు అలాగన్నమాట.

వరద దెబ్బ నుంచి తేరుకోకుండానే 1911లో ప్లేగు వచ్చింది. ఆ మరుసటి సంవత్సరం, 1912లో, ఏడో నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాను సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డుని ఏర్పాటు చేశాడు. నాంపల్లి, మల్లేపల్లి లాంటి చోట్ల ఇరుకు బస్తీలు తీయించి, గాలీ వెలుతురూ వచ్చే ఇళ్ళు వరసలుగా కట్టించారు. చార్మినారు వైపు వెళ్ళే రోడ్డు వెడల్పు చేసి, పత్తర్‌గట్టిలో రాతి కమానుల బజారు కట్టించారు. ఈసారి అటు గాజులు కొనడానికి వెళ్ళినప్పుడు తలెత్తి చూడండి. దుకాణాల ముందర నీడలో నడవడానికి వీలుగా వదిలిన ఆ కమానుల దారి, రోడ్డు మీద నడిచే వాళ్ళకి ఇంటి యజమాని వదిలిన వాటాయే కదా.

ఆంధ్ర జిల్లాల్లో మద్రాసు చట్టాలు నడిచేవి. 1920లో మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టం, అదే ఏడు టౌన్ ప్లానింగు చట్టం వచ్చాయి. ఆ కాలపు ఇళ్ళ ప్లాన్లలో ఇంటి వెనక ఒక సన్నటి సందు కనపడుతుంది. చెంబుతో పెరట్లోకి వెళ్ళే రోజులు అవి. ఆ సందులోంచి వచ్చి, మనుషుల మలాన్ని చేతులతో ఎత్తి, తట్టల్లో నెత్తిన మోసుకుపోయిన వాళ్ళలో ఎక్కువమంది స్త్రీలే. ఒక కులం ఆడవాళ్ళు ముందు గుమ్మంలోంచి రాకుండా ఉండడానికి ప్లానులోనే గీత గీసి పెట్టారన్నమాట! గీతలన్నీ న్యాయమైనవి కావనడానికి ఇదొక గుర్తు. అలాంటి మరుగుదొడ్లు కట్టడాన్నీ, మనుషుల చేత ఆ పని చేయించడాన్నీ నిషేధిస్తూ 1993లో చట్టం వచ్చింది. మంచి గీతలు రావడానికే కాదు, చెడ్డ గీతలు చెరిగిపోవడానికీ చాలాకాలం పట్టింది.

హైదరాబాదు మునిసిపల్ కార్పొరేషన్ల చట్టం 1955 నాటిది. 1979లో విశాఖపట్నం, 1981లో విజయవాడ కార్పొరేషన్లయినప్పుడు వాటికీ ఈ చట్టం నియమాలే వర్తింపజేశారు. అందులో 428వ సెక్షను కూడా బొంబాయి చట్టం లాగే "కట్టదలచిన వాడు నోటీసు ఇవ్వాలి" అంటుంది. దరఖాస్తు, విన్నపం, ప్రార్థన అనలేదు. "నేను ఇదిగో ఇలా కట్టబోతున్నాను, చూడండి" అని పౌరుడు చెప్పే మాట అది. పౌరుడు నిజం చెప్పాలి, ఆఫీసు గడువులోగా జవాబు చెప్పాలి. ఒప్పందం ఇద్దరిదీ. మనం ఆ ప్లాను ఏమిటో చూడకుండా సంతకం పెట్టి, ఎవరో ఒకర్ని పట్టుకుని పని జరిపించుకోవడం మొదలుపెట్టాక, మన నోటీసు కాస్తా మన విన్నపం అయి కూర్చుంది. ఇందులో తప్పు ఒక వైపుదే అని నేననను.

ఆ తర్వాత అపార్ట్‌మెంట్ల కాలం వచ్చింది. 1975లో పట్టణాభివృద్ధి సంస్థల చట్టం, దానితో హైదరాబాదుకి హుడా వచ్చాయి. 1987లో అపార్ట్‌మెంట్ల చట్టం వచ్చింది. ఇల్లు కట్టేది ఒకరు, ఉండేది ఇరవై మంది. కట్టే వాడికి ఒక అడుగు జరిపితే లాభం, ఉండేవాళ్ళకి జీవితమంతా నష్టం. అందుకని 2006లో హైదరాబాదు నియమాల్లో ఒక కొత్త షరతు పెట్టారు, 2012 నియమాల్లోనూ అది కొనసాగింది. చిన్న ఇళ్ళు తప్పించి మిగతా కట్టడాల్లో, కట్టే విస్తీర్ణంలో పదో వంతు ముందుగానే మునిసిపాలిటీకి తనఖా పెట్టాలి. ప్లాను ప్రకారం కట్టి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్టు తెచ్చుకుంటే విడుదల. పిల్లవాడు అల్లరి చేయకుండా వాడి బొమ్మని బీరువా మీద పెట్టే తల్లి ఉపాయం లాంటిదిది. అంటే ఎంత గీత గీసినా దాటుతున్నారని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టయింది.

దాటిన వాళ్ళని ఏం చేయాలన్నది ఇంకా పెద్ద చిక్కు. అప్పటికే కట్టేసిన ఇళ్ళు వేలకి వేలు. అన్నీ పడగొట్టడం కుదిరే పని కాదు. 2007 డిసెంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, 1985 నుంచి అప్పటి దాకా అతిక్రమించి కట్టిన వాటికి రుసుము కట్టించుకుని క్రమబద్ధం చేసే పథకం పెట్టింది. బి.పి.ఎస్. అని అందరికీ తెలిసిన మాటే. 2015లో తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ మళ్ళీ అలాంటి పథకాలే వచ్చాయి. మేమూ 2008లో అప్లికేషను పెట్టుకుని రుసుము కట్టాం. రసీదు చూసి మా వారు "హమ్మయ్య, ఇక మనకి భయం లేదు" అన్నారు. నేను కిటికీలోంచి చూశాను. పిన్నిగారి వంటింట్లో లైటు వెలుగుతోంది. మేము తప్పు చేసింది ఆవిడకి, డబ్బు కట్టింది ఖజానాకి. పైగా ఇరవై ఏళ్ళుగా ఆ లైటు బిల్లు కడుతున్నది ఆవిడ! క్రమబద్ధం అయింది మా కాగితం మాత్రమే. ఆవిడ వంటిల్లు కాదు.

మాది ఒక వంటింటి చీకటితో పోయింది. అందరికీ అంతటితో పోలేదు. 2014 జూన్ 28న చెన్నై పక్కన మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం వానలో కుప్పకూలి 61 మంది చనిపోయారు. వాళ్ళలో చాలామంది మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి కూలికి వెళ్ళిన వాళ్ళు, ఆడవాళ్ళతో సహా. ఆ భవనానికి పర్మిషను కాగితం ఉంది. లోపం కట్టడం బలంలో ఉందని విచారణలో తేలింది. కాగితం ఉన్నంత మాత్రాన ఇల్లు నిలబడదు, కాగితం మీద రాసింది గోడలో ఉంటేనే నిలబడుతుంది.

2025 మే 18 తెల్లవారి, చార్మినారు దగ్గర గుల్జార్ హౌజ్‌లో ఒక ఇంట్లో మంటలు లేచాయి. కింద దుకాణాలు, పైన కాపురాలు, ఎక్కడానికీ దిగడానికీ ఒక్కటే ఇరుకు మెట్లదారి. 17 మంది పోయారు, వాళ్ళలో ఎనిమిది మంది పసిపిల్లలు. చాలామందిని చంపింది మంట కాదు, బయటికి పోయే దారిలేని పొగ. పత్తర్‌గట్టి కమానులకి కూతవేటు దూరంలో జరిగింది ఇది. వందేళ్ళ కిందట గాలీ వెలుతురూ కోసం బోర్డు పెట్టిన ఊళ్ళోనే.

ఇది చదివాక, ప్లాను చూడమంటే మనకేం తెలుస్తుందండీ అనకండి. చీర పన్నా కొలిచి కొనుక్కునే మనకి ఇల్లు కొలవడం కష్టమా? ముందు మీ క్రయదస్తావేజులో ఉన్న నాలుగు కొలతలూ, ప్లానులో ఉన్న కొలతలూ, స్థలంలో టేపు పెడితే వచ్చే కొలతలూ ఒకటేనా చూడండి. స్థలం ఉన్న లేఅవుటుకి అనుమతి ఉందో లేదో, లింకు డాక్యుమెంట్లు, ఇ.సి. సరిగ్గా ఉన్నాయో లేదో కట్టక ముందే తేల్చుకోండి, పునాది తీశాక కాదు. ముందున్న రోడ్డు ఎన్నడుగులని రాశారో చదవండి, ఎత్తు దాని మీదే ఆధారపడుతుంది. రోడ్డు వెడల్పులో మీ స్థలం కొంత పోయేటట్టుంటే ఆ గీత కూడా ప్లానులో ఉంటుంది.

ఆ తర్వాత నాలుగు వైపులా వదలాల్సిన ఖాళీ చూడండి. మెట్లు ఎంత వెడల్పో, వంటింటికీ స్నానాలగదికీ కిటికీ దేనిలోకి తెరుచుకుంటుందో చూడండి. ఇంకో గదిలోకి తెరుచుకునే కిటికీ కిటికీ కాదు. పునాదులూ స్తంభాలూ లెక్కగట్టిన ఇంజనీరు ఎవరో, ఆయన సంతకం ఉందో లేదో అడగండి. వాన నీటి గుంట చూపించారా? 2002 నాటి వాల్టా చట్టం నుంచి అది తప్పనిసరి. పర్మిషనుకి ఒక గడువు ఉంటుంది, ఆ తేదీ గుర్తు పెట్టుకోండి. ఫ్లాటు కొనేవాళ్ళయితే "ఆక్యుపెన్సీ సర్టిఫికెట్టు ఏది?" అన్న ఒక్క ప్రశ్న అడిగి ఊరుకోండి. జవాబు చెప్పే మొహం చూస్తేనే సగం తెలుస్తుంది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా, అనుమతి పొందిన ప్లానుని కట్టడం జరిగినన్నాళ్ళూ ఆ స్థలంలో అందరికీ కనపడేటట్టు పెట్టాలనీ, ఆ సర్టిఫికెట్టు లేనిదే కరెంటు, నీటి కనెక్షన్లు ఇవ్వరాదనీ చెప్పింది. కనక పక్కన ఎవరైనా కడుతుంటే వాళ్ళ ప్లాను చూసే హక్కు మనకుంది. వాళ్ళకీ మన ప్లాను చూసే హక్కుంది.

2020లో తెలంగాణలో వచ్చిన చట్టం మరో అడుగు వేసింది. 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇల్లు కట్టుకునే వాళ్ళు ఒక్క రూపాయితో పేరు నమోదు చేసుకుంటే చాలంది. అంతకు మించి 600 గజాల దాకా, తక్కువ ఎత్తు ఇళ్ళకి, యజమాని తనంతట తాను "నియమాల ప్రకారమే కడతాను" అని రాసిస్తే వెంటనే అనుమతి అంది. రాసింది అబద్ధమైతే నోటీసు కూడా లేకుండా పడగొట్టవచ్చంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ యజమాని మాట మీద నమ్మకం పెట్టే పద్ధతులు వచ్చాయి. తిరుగుళ్ళు తగ్గాయని అందరం సంతోషించాం. సంతోషించవలసిందే. కానీ దీని అర్థం ఏమిటో ఒకసారి ఆలోచించండి. ఇంతకుముందు గీత దాటకుండా చూడడం ఆఫీసు పని అనుకునేవాళ్ళం. ఇప్పుడది సంతకం పెట్టే చేతి పని. ఎన్నో ఇళ్ళలో స్థలం ఇల్లాలి పేరున ఉంటుంది. అంటే ఆ చెయ్యి మనది. అదేమిటో చదవకుండా పెట్టిన సంతకానికి, నా మాదిరిగా, తర్వాత జవాబు చెప్పుకోవలసింది మనమే.

పిన్నిగారు ఇప్పుడు లేరు. ఆవిడ మనవరాలు ఆ పాత ఇల్లు తీయించి కొత్తది కట్టుకుంటోంది. మొన్న ప్లాను పట్టుకుని మా ఇంటికి వచ్చి, "అత్తయ్యా, మీ వైపు అయిదడుగులు వదులుతున్నాను, చూడండి" అని బల్ల మీద పరిచింది. మేము ఆవిడ అమ్మమ్మకి వదలని జాగా, ఆ పిల్ల మాకు వదులుతోంది. కళ్ళజోడు పెట్టుకుని గీత గీతా చదివాను. వంటిల్లు ఆ వైపున లేదు, తూర్పుకి మార్చుకుంది. "మా అమ్మమ్మ వంటింట్లో పగలు కూడా లైటు వేసుకునేది కదా, అందుకని" అంది, నా మొహం చూడకుండానే.

నేనేమీ అనలేకపోయాను. కాఫీ కలిపి ఇచ్చాను. మీలో ఎవరైనా ఇల్లు కట్టబోతుంటే, సంతకం పెట్టే ముందు ఆ కాగితం పట్టుకుని ఒకసారి పక్కింటి వంటింట్లోకి వెళ్ళి నిలబడి చూడండి. కిటికీలోంచి కాస్త ఆకాశం కనపడుతోందా, లేదా? ప్లాను గురించి నాకు తెలిసిన లెక్క అదొక్కటే. ఆలస్యంగా తెలిసిన లెక్క.